ముగ్గురు యాదగిరులు, ఒక అలుగు

ఫసలీ 1349 ఖుర్దాద్ మాసంలో, అంటే ఇంగ్లీషు లెక్కన 1940 ఏప్రిల్‌లో, నన్ను మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నల్లగొండ జిల్లాకు బదిలీ చేశారు. ఆలేరుకూ యాదగిరిగుట్టకూ నడుమ ఉన్న ఒక గ్రామంలో తెగిపోయిన చెరువును వానకాలం రాకముందే బాగుచేయించడం నాకు అప్పగించిన పని. తామీరాత్ శాఖలో, అంటే ఇప్పటివారు పబ్లిక్ వర్క్స్ అనే శాఖలో, నా హోదా సబ్ ఓవర్సీర్. మేస్త్రీలకు పైన, మిగిలిన సమస్త ప్రపంచానికీ క్రింద ఉండే హోదా అది. గ్రామం పేరు వ్రాయను. ఆ ఊరి పట్వారీగారి సంతతి అక్కడే ఉన్నారు, మర్యాదస్తులు.

ఇన్నేళ్ళకు దీన్ని వ్రాయడానికి కారణం ఉంది. మా పెన్షనర్ల సంఘంలో ఒక మిత్రుడు ప్రతి నెలా ఎవరి పేరులో ఎన్ని అక్షరాలు, ఎవరు ఏ తిథిన పోయారు, ఆ రెంటికీ పొత్తు ఏమిటి అని లెక్కలు కట్టి తెచ్చి నా ముందు పరుస్తాడు. నేను కాదంటే, చదువుకున్నవాడివి నీకెందుకింత మొండితనం అంటాడు. ఆయనకు నోటితో జవాబు చెప్పి అలసిపోయాను. నా ఉద్యోగ కాలపు డైరీలు నా దగ్గర వరుసగా ఉన్నాయి కనుక, జరిగినదాన్ని జరిగినట్టుగా వ్రాసి ఆయన చేతిలో పెట్టదలచుకున్నాను.

ముందుగా చెరువు సంగతి చెప్పాలి. మా ప్రాంతపు చెరువుకు మూడు అంగాలు ఉంటాయి. నీటిని ఆపే మట్టికట్ట ఒకటి. పొలాలకు నీళ్ళు వదిలే తూము ఒకటి. చెరువు నిండిన తరువాత మిగులు నీరు కట్టకు హాని చేయకుండా పొర్లిపోవడానికి ఒక ప్రక్కన రాతితో కట్టిన అలుగు మూడవది. అలుగు తల ఎప్పుడూ కట్ట తలకంటె బాగా తక్కువ ఎత్తులో ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పితే చెరువు నిలవదు. వీటన్నిటినీ కనిపెట్టి ఉండేవాడు నీరటి. తూము తెరవడం, మూయడం, ఎవరి పొలానికి ఎంత తడి అన్నది చూడడం, వానలో కట్టమీద కావలి తిరగడం అతని విధులు. అందుకు ప్రతిఫలంగా అతనికి చెరువు క్రింద కొద్దిపాటి మాన్యం ఉండేది. అది తండ్రి నుంచి కొడుకుకు వచ్చే హక్కు. ఆ కుటుంబాలకు దానికి మించి వేరే భూమి ఉండేది కాదు.

ఈ చెరువు తెగి రెండు వానకాలాలు గడిచాయి. మంజూరు రావడానికి అంత కాలం పట్టింది. ఆయకట్టు అంతా ఎండి, రైతులు కూలికి పోతున్నారు. ఇంకొక వానకాలం వృథా అయితే ఊరు సగం ఖాళీ అయ్యేది. అటువంటి చోటికి అంచనా కాగితాలతో, లెవెల్ యంత్రంతో ఆలేరు స్టేషనులో దిగి బండి కట్టించుకొని వెళ్ళాను. ఊరు నాకు ఎదురొస్తుందని అనుకున్నాను.

ఒడ్డెర మేస్త్రి ఎల్లప్ప నాకంటె ముందే వచ్చి, తన మనుషులతో, గాడిదలతో చెరువు శిఖంలో, అంటే ఎండిన చెరువు లోపలి నేలలో, గుడిసెలు వేసుకొని ఉన్నాడు. పొయ్యిలు వెలుగుతున్నాయి. పిల్లలు ఆడుకుంటున్నారు. గడ్డపారలు మాత్రం ఒక్కచోట పోగుపెట్టి ఉన్నాయి. పని ఎందుకు మొదలు కాలేదని అడిగితే ఎల్లప్ప తలపాగా విప్పి, మళ్ళీ చుట్టుకొని, పట్వారీగారిని అడగమన్నాడు. నీరటి యాదగిరి చెయ్యి ఈ చెరువు మీద ఉన్నంతవరకు తమవాళ్ళు గడ్డపార పట్టరని, ఆ మాట తనది కాదని, తన ఆడవాళ్ళదని చెప్పాడు.

పట్వారీ వెంకట్రావుగారు నాకు చల్ల ఇచ్చి, చాపమీద కూర్చోబెట్టి, విషయమంతా విప్పి చెప్పారు. ఆయన దుర్మార్గుడు కాదు. అది ముందే వ్రాయడం న్యాయం. పంచాంగం, పేర్లు, తిథులు కలిపి చూచి అర్థాలు తీయడం ఆయనకు భోజనానంతరం తాంబూలం వంటిది. ఆయనకు తెలిసినంతలో ఈ చెరువు మూడుసార్లు తెగింది. మొదటిసారి ఇప్పటి నీరటి తాత కాలంలో. ఆయన పేరు యాదగిరి. రెండవసారి ఇతని పెదనాయన కాలంలో. ఆయన పేరూ యాదగిరి. మూడవసారి ఇతని కాలంలో. మూడు గండ్లూ పెత్తరమాస నాడే పడ్డాయి. భాద్రపద బహుళ అమావాస్యను మావైపు అలా అంటారు. గతించిన పెద్దల పేర బియ్యమిచ్చే దినం అది.

"ఒక్కసారైతే గాలివాటు అనుకుంటం. రెండుసార్లైతే మనసుల పెట్టుకుంటం. మూడోసారికి గది లెక్కల కొస్తది, ఓవర్సీర్ సాబ్" అన్నారాయన, చల్లలోని కరివేపాకును వ్రేలితో ప్రక్కకు జరుపుతూ.

ఆయన తీసిన అర్థమేమంటే, మొదటి యాదగిరికి చెరువుతో తీరని కక్ష ఏదో ఉంది. తన పేరు పెట్టుకున్నవాడు నీరటి అయినప్పుడల్లా తన దినం నాడు వచ్చి కట్టను తన్నిపోతున్నాడు. కనుక ఆ ఇంటివారిని తప్పించి, నీరటి పనీ మాన్యమూ వేరే ఇంటికి ఇవ్వాలి. ఈ మేరకు పటేలు సంతకంతో తహసీల్దారు కచేరీకి అర్జీ పంపారు. తహసీల్దారు దౌరా మీద ఊరికి వచ్చినప్పుడు నా అభిప్రాయం విని తీర్పు చేస్తారు. ఇదంతా పట్వారీగారు సంతోషంగా చెప్పారు. ముడి విప్పినవాని సంతోషం అది. ముడి విప్పితే ఒక మనిషి నోటి కూడు పోతుందన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు.

నాకు తల తిరిగినంత కోపం వచ్చింది. ఆ రోజు డైరీలో నేను వ్రాసిన వాక్యం ఇక్కడ ఉదహరించదగినది కాదు.

నీరటి యాదగిరిని కట్టమీద చూచాను. నలభై దాటిన మనిషి. నేను చెయిను పట్టమంటే పట్టాడు, జెండా పాతమంటే పాతాడు. అతని తల్లి సాయమ్మ కట్ట క్రింద మేక పిల్లలను మేపుతూ ఉండేది. అతని కోడలికి నాలుగో నెల. మాన్యం పోతే ఏం చేస్తావని అడిగితే, "ఏం చేస్త సారూ, ఆలేరు టేసన్ల బస్తాలు మోస్త" అన్నాడు. కొంచెమాగి, "ఆడగూడ పేరడుగుతరేమో" అన్నాడు. అతను నవ్వడం నేను చూచిన మొదటిసారి అదే.

నా పద్ధతి ప్రకారం నేను అర్జీని మూడు భాగాలుగా విడదీసుకొన్నాను. పేరు, తేదీ, గండి. ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించాలని నిశ్చయించాను.

పేరును పరీక్షించడానికి చావడి దగ్గర ఊరివారిని సమావేశపరచమని పట్వారీగారినే కోరాను. ఆయన ఉత్సాహంగా డప్పు వేయించారు. అందరూ కూర్చున్న తరువాత, యాదగిరి అనిగాని యాదయ్య అనిగాని పేరున్నవారు దయచేసి లేచి నిలబడవలసిందని కోరాను. ఒకరి ముఖం ఒకరు చూచుకొని లేవడం మొదలుపెట్టారు. కుమ్మరి లేచాడు, మంగలి లేచాడు, గొల్లవాళ్ళు ఒక వరుస వరుసంతా లేచారు. పోలీసు పటేలు తాను లేవవలసి ఉంటుందా అని నన్ను అడిగి, లేచాడు. గుట్టకు అంత దగ్గరలో ఉన్న ఊరిలో మొక్కుకొని కన్న బిడ్డకు మరొక పేరు ఎట్లా పెడతారు? చావడిలో నీడకు కూర్చున్నవారికంటె నిలబడినవారే ఎక్కువ. నవ్వులు మొదలయ్యాయి. ఈ ఊరిలో ఎవరి కాలంలో ఏమి జరిగినా అది ఒక యాదగిరి కాలంలోనే జరుగుతుందని నేను విన్నవించాను.

తరువాత, నీరటి పనికి పట్వారీగారు ప్రతిపాదించిన కొత్త మనిషిని ముందుకు పిలిచాను. బక్కయ్య అనే యువకుడు. సాక్ష్యం కోసం అతని పూర్తి పేరు అడిగాను. అతను తల గోక్కున్నాడు.

"పిల్చుడు బక్కయ్య సారూ. గుట్ట మీద పుట్టెంటికలు తీసిననాడు పెట్టిన పేరు యాదగిరే."

చావడి అంతా ఘొల్లుమంది. వాదం ముగిసిందని నేను కాగితాలు మడుస్తున్నాను. వెంకట్రావుగారు ఏమీ చలించలేదు. ఒక్క క్షణం కన్నులు మూసుకొని తెరిచి, "గుట్ట మీద పెట్టిన పేరు దేవుడింటడు. చెరువు పిల్చే పేరే ఇంటది" అన్నారు. చుట్టూ ఉన్నవారు అదీ నిజమేనని తలలు ఊపారు. నిలబడిన యాదగిరులు కూడా ఊపారు.

పేరుతో లాభం లేదని గ్రహించి తేదీకి వచ్చాను. మూడవ గండి పడిన రోజును చూచినవారు ఊరినిండా ఉన్నారు. ఏ రోజని అడిగితే అందరూ పెత్తరమాస అనే అన్నారు. అయితే ఆ రోజు మీరు ఏం చేస్తున్నారని విడివిడిగా అడిగితే జవాబులు చెదిరిపోయాయి. ఒకరు చవితి నాటి పత్రి ఇంకా ఇంటి చూరులోనే ఉన్నదన్నారు. ఒక ఆమె అప్పటికే రెండు మూడు నాళ్ళుగా బతుకమ్మ ఆడుతున్నామన్నది. చవితికీ బతుకమ్మకూ మధ్య ఎంత ఎడమున్నదో తెలిసినవారికి ఈ రెండు మాటలూ ఒక దినానికి పొసగవని తెలుసు. చివరకు సాయమ్మను అడిగాను. ఆమె మేకపిల్లను చంకన పెట్టుకొనే వచ్చింది.

"గండి పడ్డనాడు మా ఇంట్ల గట్క, పచ్చిపులుసు. పెత్తరమాసకు గట్క తినే కొంప యాడన్న ఉంటదా బిడ్డా? ఎంత లేనోళ్ళమైనా ఆనాడు పెద్దలకు బువ్వ పెట్టమా?"

మరి పెత్తరమాస అని నీవు కూడా ఎందుకన్నావని నేను కొంచెం కటువుగానే అడిగాను.

"మా పెద్ద బిడ్డ పుట్టింది గూడ పెత్తరమాసకే అంటం. బర్రె సచ్చింది గూడ పెత్తరమాసకే. జర ముందో ఎనకో. పండుగ లేని దినానికి పేరేడిది సారూ?"

ఇంతకంటె స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. ఆ ఊళ్ళలో సామాన్యులకు ఫసలీ తేదీతో పని లేదు. జరిగిన ప్రతిదాన్నీ దగ్గరలోని పండుగకు కట్టివేస్తారు. కొన్నేళ్ళు గడిచేసరికి ఆ ముందూ వెనకా అరిగిపోయి పండుగ ఒక్కటే మిగులుతుంది. తేదీలు కలవడంలో వింత లేదు, కలవకపోతేనే వింత. ఈ సంగతి పట్వారీగారికి విన్నవిస్తే ఆయన శ్రద్ధగా విన్నారు. మనుషులు మరిచిపోయినా అందరి నోటా ఒకే దినం రావడంలోనే అసలు మర్మం ఉన్నదన్నారు.

నేను లెవెల్ యంత్రం తీసుకొని అలుగు దగ్గరకు పోయాను. మనుషులతో మాట్లాడి విసిగినప్పుడు నేను చేసే పని అదే. యంత్రం వాదించదు.

అలుగు రాతికట్టడం మీద సున్నం పెట్టి కట్టని విడిరాళ్ళు, వాటి సందుల్లో ఎండిన రేగడి మట్టి కనిపించాయి. రెండు ప్రక్కలా గట్టున అటువంటి రాళ్ళే కుప్పలుగా దొర్లి ఉన్నాయి. ఆ రాళ్ళ తల ఎంత ఎత్తుకు వచ్చి ఉంటుందో గుర్తులను బట్టి లెవెల్ తీశాను. తరువాత కట్ట పొడవునా తీశాను. పాత గండ్లు పూడ్చిన చోట కొత్త మన్ను పాత మన్నుతో కలవక కుంగి ఉంది. ఆ కుంగిన చోటు, రాళ్ళు పేర్చిన అలుగు తలకంటె తక్కువ ఎత్తులో ఉంది. ఇక నీరు అలుగు మీదుగా ఎందుకు పోతుంది? కట్ట మీదుగానే పోతుంది. మట్టికట్ట మీద నీరు పొర్లిన తరువాత దాన్ని ఆపగల యాదగిరి ఎవరూ లేరు.

యాదగిరిని అడిగాను. చెరువు నిండి అలుగు పారడం మొదలుకాగానే, పోయే నీళ్ళను చూచి ఊరి ప్రాణం ఒప్పదని, ఇంకో మోకాలెత్తు నిలిస్తే యాసంగికి ఇంకో మడి పారుతుందని ఊరంతా కలిసి రాళ్ళు పేరుస్తారని చెప్పాడు. ఏటా పెత్తరమాస లోపల పేర్చడం ఆచారం. పటేలు బండి వస్తుంది, పట్వారీగారి బండి కూడా వస్తుంది. ఆయకట్టు చివరి పొలాలు వారివే.

"తీస్తే తిట్లు, తియ్యకుంటే గండి. గీ మాట నేనన్ననని అనకు సారూ. నీ బాంచన్."

అననని మాట ఇచ్చాను. తేదీల చిక్కు అప్పటికి పూర్తిగా విడిపోయింది. గండ్లు ఆ పక్షం దరిదాపుల్లోనే పడడానికి కారణం, రాళ్ళు ఆ పక్షం దరిదాపుల్లోనే పడడం. పెద్దలు తన్నలేదు, బ్రతికున్నవారే బండ్లు కట్టి తోలారు. ఆ పని అందరిదీ కనుక తప్పు ఎవరిదీ కాకుండా పోయింది. ఎవరిదో ఒకరిది కావాలి కనుక ఒక పేరును పట్టుకున్నారు. నా కోపం అప్పటికి కూడా తగ్గలేదు, కానీ దానికి ఒక ఆకారం వచ్చింది.

తహసీల్దారు సాహెబు దౌరాకు వచ్చి కట్ట దగ్గరే విచారణ పెట్టారు. ఉర్దూలో మాట్లాడే నెమ్మదైన మనిషి, ఎండకు బాగా అలసి ఉన్నారు. నేను మూడు భాగాల నివేదికను చదివాను. యాదగిరి పేరు ఎత్తకుండా, కేవలం లెవెళ్ళను బట్టి రాళ్ళ సంగతి చెప్పాను. రాళ్ళ ప్రసక్తి వచ్చినప్పుడు పటేలు ఆకాశం వంక చూచాడు. వెంకట్రావుగారు మాత్రం మొదటిసారిగా తల దించుకున్నారు. చదవడం ముగియగానే అందరూ నిజమే అన్నారు. ఒక్కరూ కాదనలేదు.

సాహెబు ఎల్లప్పను పిలిచి, అయితే ఇప్పుడు పని మొదలుపెడతావా అని అడిగారు. ఎల్లప్ప చేతులు కట్టుకొని, ఓవర్సీరు సాబు చెప్పింది సబబేనని, అయితే తన ఆడవాళ్ళు ఒప్పుకోరని మనవి చేశాడు. తట్టలెత్తేది వాళ్ళేనన్నాడు.

సాహెబు నా వంక జాలిగా చూచారు. నా నివేదిక సరైనదేనని, వానలు మాత్రం నివేదిక చదివి ఆగవని అన్నారు. వచ్చే వారపు అంగడి లోపల తట్ట లేవకపోతే అర్జీ మీద సంతకం చేస్తానని, ఊరి పంటకోసం ఒక నీరటిని మార్చడం పెద్ద సంగతి కాదని తేల్చారు. ఆయన స్థానంలో ఉండి ఆలోచిస్తే నేనూ అంతే చేసేవాణ్ణేమో. యాదగిరి కట్టమీద నిలబడి ఇదంతా విన్నాడు. సాయమ్మ మేకపిల్లను క్రిందికి దించింది.

అప్పుడు వెంకట్రావుగారు, మిసిలు, అంటే కచేరీ దస్త్రం, పూర్తి చేయడానికని, నా పూర్తి పేరు అడిగారు. నేను ఎప్పుడూ పొడి అక్షరాలతోనే సంతకం చేసేవాణ్ణి. నరసింహం అని చెప్పాను.

ఆయన కలం ఆగింది. ఆ ముఖంలోకి వెలుగు రావడం నేను కళ్ళారా చూచాను. ఆయన నా బదిలీ ఉత్తర్వు అడిగి, దాని తేదీ చూచి, పంచాంగం తెప్పించి, రెండు పుటలు త్రిప్పారు. ఉత్తర్వు పుట్టిన దినం స్వాతి నక్షత్రం. స్వాతి నరసింహస్వామి జన్మనక్షత్రం. ఆయన లేచి నిలబడి, ఇన్నాళ్ళూ తాను లెక్కను సగమే చేశానని ఊరంతటికీ వినబడేటట్టు ప్రకటించారు. ముగ్గురు యాదగిరుల చేతుల్లో చెరువు తెగింది కక్ష వల్ల కాదు. గుట్ట ఒంటరిగా ఉంటే ఏం లాభం? గుట్ట మీద స్వామి ఉండాలి. యాదగిరి ప్రక్కన నరసింహం వచ్చి నిలిచేదాకా ఈ కట్ట నిలవదన్నదే ఆ మూడు గండ్ల అర్థం. ఇప్పుడు వచ్చాడు, అదీ స్వాతి నాటి ఉత్తర్వుతో.

నేను ఒప్పుకోలేదు. మా తాతగారి పేరు నరసింహమని, అందుకే నాకు ఆ పేరు పెట్టారని, గుట్టతో నాకే సంబంధమూ లేదని గట్టిగా చెప్పాను.

"తాతకు ఎవరి పేరు పెట్టిన్రు సాబ్?" అన్నారు వెంకట్రావుగారు, ఎంతో మెత్తగా.

ఈ ఊరిలోనే నరసింహలు డజన్ల కొద్దీ ఉన్నారని, వారంతా ఇన్నేళ్ళూ ఈ కట్టమీదే తిరుగుతున్నారని అన్నాను. వారెవరూ లెవెల్ యంత్రం తేలేదని ఆయన జవాబు. మా కచేరీలో ఉత్తర్వులు నెలాఖరు లెక్కలు ముగిసిన తరువాత ఒక్క కట్టగా సంతకమవుతాయని, ఆనాడు ఏ నక్షత్రమో సంతకం చేసిన అధికారికే తెలియదని చెప్పబోయాను. ఈలోగా ఎల్లప్ప తలపాగా బిగించాడు. అతని ఆడవాళ్ళు గుడిసెల వైపు నడవడం మొదలుపెట్టారు. తట్టల కోసం.

నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. నా నివేదికలోని వాక్యాలు నాకు కంఠస్థం. అప్పుడు సాయమ్మ నా దగ్గరగా వచ్చి, ఇతరులకు వినబడకుండా అన్నది.

"నీ పేరు నిజమే గద బిడ్డా? అబద్ధమైతే గద ఫికరు. జర ఊకో."

యాదగిరి వంక చూచాను. అతను నా వంక చూడడం లేదు, తట్టల వంక చూస్తున్నాడు. నేను ఊరుకున్నాను. ఉద్యోగంలో నేను అభ్యంతరాన్ని సగంలో విరమించుకున్న సందర్భాలు బహుకొద్ది, వాటిలో ఇది మొదటిది. తహసీల్దారు సాహెబు అర్జీని మడిచి పట్వారీగారికే తిరిగి ఇచ్చారు. ఆయన దాన్ని ఎంతో గౌరవంగా అందుకున్నారు.

వెంకట్రావుగారు నిజంగానే నమ్మి ఆ మాటలన్నారా, రాళ్ళ సంగతి బయటపడిన తరువాత అర్జీ నుంచి మర్యాదగా బయటికి రావడానికి ఒక దారి వెదుక్కున్నారా అన్నది నేను నేటికీ తేల్చుకోలేకపోయాను. ఆ ముఖంలో చూచిన వెలుగు నటన కాదని మాత్రం చెప్పగలను.

పని బాగా సాగింది. గండి రెండంచులనూ మెట్లుగా కోయించాను. నున్నని అంచుకు మన్ను ఆనిస్తే కలవదు, మెట్లకు ఆనిస్తే కలుస్తుంది. మన్ను పలుచని పొరలుగా పోయించి, తడిపి, దిమ్మిసతో కొట్టించాను. కుంగిన చోట్లన్నీ లేపించాను. ఇక అలుగు విషయంలో ఒక మార్పుకు మోహతమీం గారి నుంచి, అంటే మా జిల్లా ఇంజినీరు నుంచి, అనుమతి తెప్పించుకున్నాను. అలుగు తల సాధారణంగా చదునుగా ఉంటుంది. దాన్ని నేను రెండు ప్రక్కలకూ ఏటవాలుగా, పూరింటి కప్పులాగా కట్టించి, నున్నగా గచ్చు చేయించాను. ఎందుకని ఎవరైనా అడిగితే కొత్త నమూనా అన్నాను. అందులో అబద్ధం లేదు.

ఆ ఏడు వానలు మొదట ఆడించి, భాద్రపదంలో పట్టుకున్నాయి. చెరువు నిండింది. పెత్తరమాస నాడు నేను ఆలేరు క్యాంపులో ఉండవలసినవాణ్ణి. లెవెళ్ళు సరిచూడాలన్న కారణం వ్రాసి ఆ ఊరికి వెళ్ళాను. ఊరంతా కట్టమీదే ఉంది. ఒకరూ ఇంటికి పోరు. పెద్దలకు ఇవ్వవలసిన బియ్యం కూడా కట్టమీదికే తెచ్చి ఇచ్చారు. యాదగిరి గొంగడి కప్పుకొని ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నాడు. సన్నగా వాన పడుతున్నది. అలుగు మీదుగా నీరు నిండుగా పొర్లుతున్నది.

అలుగు ప్రక్క గట్టున ఒక బండి నిలిచి ఉంది. బండిలో రాళ్ళు. ఎవరి బండో నేను అడగలేదు. ఇద్దరు జీతగాళ్ళు ఒక బండరాయిని మోసుకొచ్చి అలుగు తలమీద పెట్టారు. అది ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, జారి అవతల పడింది. రెండవదీ అంతే. మూడవదానితోపాటు జీతగాడు కూడా జారి, నడుములోతు నీళ్ళలో లేచి నిలబడి నవ్వాడు. కట్టమీది జనం నవ్వారు. బండి రాళ్ళతోనే వెనక్కు తిరిగింది. ప్రక్కన నిలబడి ఉన్న వెంకట్రావుగారు చేతులు జోడించి, స్వామి రాయిని కూడా నిలవనీయడం లేదు చూచారా అన్నారు. నేను ఏటవాలు కోణాన్ని వివరించబోయి మానుకున్నాను. కట్ట నిలిచింది. ఆ రాత్రీ నిలిచింది, ఆ తరువాతి వానకాలాలూ నిలిచింది.

క్యాంపు ఎత్తేముందు యాదగిరి ఇంటి మీదుగా వెళ్ళాను. కోడలికి మగపిల్లవాడు పుట్టాడని అప్పుడే తెలిసింది. పేరేమి పెట్టారని అడిగాను.

"యాదగిరి సారూ."

ఇంత జరిగిన తరువాత కూడానా అన్నాను. నా గొంతులో కోపం ఉండే ఉంటుంది.

"గుట్ట కాడ ఇంకేం పేరు పెడ్తం?" అన్నాడతను. ఈసారి పూర్తిగా నవ్వాడు.

ఏ రోజు పుట్టాడని అడిగాను. పెత్తరమాసకు అని లోపలి నుంచి సాయమ్మ జవాబు చెప్పింది. నిజంగా ఆనాడేనా అని నేను మళ్ళీ అడిగాను. అలవాటు.

"జర ముందో ఎనకో" అన్నది.

ఆ ఉద్యోగంలో ఇంకా చాలా ఏళ్ళు ఉన్నాను. చాలా చెరువులు కట్టించాను. ఈ చెరువు దగ్గర నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. చెరువు ఎందుకు తెగిందో కనిపెట్టడం ఓవర్సీరు పని. చెరువు ఎందుకు నిలిచిందో ఊరు తనకు నచ్చినట్టు చెప్పుకుంటుంది, దాన్ని దిద్దడం అంచనాలో మంజూరైన పని కాదు. అప్పటి నుంచి నా చేతిమీదుగా పోయిన ప్రతి అలుగు తలనూ, అడిగినా అడగకపోయినా, ఏటవాలుగానే కట్టించాను.